కౌమారంలో అనుకోని అనారోగ్యం

పదేళ్లకూ పంతొమ్మిదేళ్లకూ నడుమ వయసును ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారంగా లెక్కిస్తుంది. ఈ వయసులో ఉన్నట్టుండి దాపురించి, కొన్ని వారాలతో పోకుండా చదువును, ఆటను, ఇంటి నడకను మార్చేసే జబ్బులు కొన్ని ఉన్నాయి. టైప్ 1 మధుమేహం, కీళ్లవాత జ్వరం, దానివల్ల వచ్చే గుండె కవాటాల జబ్బు, సికిల్ సెల్ రక్తహీనత, మూర్ఛ, రక్త క్యాన్సర్, ఎముక క్యాన్సర్ వాటిలో ముఖ్యమైనవి. వీటిని ఎదుర్కోవడంలో రెండు ఘట్టాలున్నాయి. మొదటిది గండం గడవడం. రెండోది నిలదొక్కుకోవడం. మొదటిది ఎక్కువగా ఆసుపత్రి పని. రెండోది పిల్లల పని, ఇంటి పని, బడి పని. ఈ వ్యాసం వేములవాడ చుట్టుపక్కల ప్రాంతాన్ని, పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను ప్రధానంగా దృష్టిలో ఉంచుకుని ఈ రెండు ఘట్టాలనూ వివరిస్తుంది.

వయసు ప్రత్యేకత

చిన్నపిల్లలకు జబ్బు చేస్తే చూసుకునే భారమంతా తల్లిదండ్రులది. పెద్దవాళ్లకు చేస్తే ఎవరి ఒళ్లు వాళ్లే చూసుకుంటారు. కౌమారం ఈ రెంటికీ నడిమధ్య ఉంటుంది. గొంతు మారుతుంది, ఎత్తు పెరుగుతుంది, స్నేహితుల మాటకు ఇంటి మాట కన్నా బరువు వస్తుంది. ముందుచూపుకు, నిగ్రహానికి ఆధారమైన మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటిన తర్వాత కూడా ఎదుగుతూనే ఉంటుంది. అందుకే 'ఈ మాత్ర మానేస్తే పదేళ్ల తర్వాత ఏమవుతుంది' అన్న మాట పదిహేనేళ్ల పిల్లకు చెవికెక్కదు. 'ఇవాళ క్లాసులో అందరి ముందు సూది ఎట్ల వేసుకోవాలె' అన్నదే ఆమెకు పెద్ద సమస్య. దీర్ఘకాలిక జబ్బుల్లో మందులు తప్పడం ఈ వయసులోనే ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని మొండితనం అని కొట్టిపారేయకుండా, వయసు లక్షణంగా గుర్తించి ముందుగానే ఏర్పాట్లు చేసుకోవాలి.

వేములవాడ: మొక్కు, గండదీపం

ఉత్తర తెలంగాణ పల్లెల్లో పిల్లకో పిల్లగానికో పానం బాగలేకపోతే తల్లి నోట మొదట వచ్చే పేరు ఎములాడ రాజన్న. వేములవాడ శ్రీ రాజరాజేశ్వరస్వామి ఆలయంలో కోడె మొక్కు ప్రసిద్ధం. జబ్బు నయమైతే కోడెను కడతానని మొక్కుకున్నవారు ధర్మగుండంలో స్నానం చేసి, తడిబట్టలతోనే కోడె పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిరిగి దాన్ని స్వామికి సమర్పిస్తారు. తెలియక మునికుమారుణ్ణి చంపిన నరేంద్రుడనే రాజు ఈ గుండంలో మునిగి పాపవిముక్తుడయ్యాడని స్థలపురాణం చెబుతుంది. ఆలయ ప్రాంగణంలోనే దర్గా ఉంది. గుడికి వచ్చినవారిలో చాలామంది అక్కడ కూడా మొక్కి పోతారు. తలనీలాలు, ఎత్తు బెల్లం మొక్కులతో పాటు ఇక్కడ గండదీపానికి ప్రత్యేక స్థానముంది. ఇంట్లో ఒకరికి గండముందని భయపడినవారు ఆ దీపంలో నూనె పోస్తారు.

మొక్కు ఇంటిల్లిపాదికీ ధైర్యమిస్తుంది. నెలల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగిన తల్లికి, బిడ్డ తన కాళ్ల మీద నడిచి కోడె పగ్గం పట్టుకున్న రోజు పండుగ. ఆ పండుగను ఏ వైద్యుడూ కాదనకూడదు. అయితే జబ్బును బట్టి మొక్కు తీర్చే తీరును కొంచెం సర్దుకోవాలి. సికిల్ సెల్ ఉన్న పిల్లలు చలికాలం తెల్లవారుజామున చన్నీళ్లలో మునిగి తడిబట్టలతో ఉంటే నొప్పులు తిరగబెట్టే ప్రమాదముంది. వాళ్లకు ఎండ ఎక్కిన తర్వాత నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుంటే సరిపోతుంది. మూర్ఛ ఉన్నవారికి మహాశివరాత్రి జాగారం మంచిది కాదు. నిద్ర తప్పడం ఫిట్స్ రావడానికి పెద్ద కారణాల్లో ఒకటి. ఇన్సులిన్ తీసుకునే పిల్లలు వైద్యుణ్ణి అడగకుండా ఉపవాసం ఉండకూడదు. మొక్కు తీర్చే రోజున కూడా మందు వేళ తప్పకూడదు.

టైప్ 1 మధుమేహం

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున నాశనం చేయడం వల్ల ఈ జబ్బు వస్తుంది. మిఠాయిలు ఎక్కువ తినడం వల్ల రాదు, తల్లిదండ్రుల తప్పు వల్ల రాదు. ఆగని దాహం, రాత్రుళ్లు పదేపదే మూత్రానికి లేవడం, ఎంత తిన్నా బరువు తగ్గిపోవడం మొదటి గుర్తులు. వీటిని ఎవరూ పట్టించుకోకపోతే రక్తంలో కీటోన్లు పేరుకుని వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస మొదలవుతాయి. చాలామంది పిల్లలు ఈ దశలోనే, కడుపునొప్పి అనుకుని, ఆసుపత్రికి చేరతారు. వేలి కొసన ఒక్క చుక్క రక్తం తీసి గ్లూకోమీటర్‌లో చూస్తే నిమిషంలోపే అనుమానం తీరుతుంది. ఆ ఒక్క చుక్క ముందే తీసి ఉంటే ఎన్నో ప్రాణాలు ప్రమాదం దాకా పోవు.

ఈ జబ్బుకు ఇన్సులిన్ తప్ప మరో దారి లేదు. సాధారణంగా రోజుకు మూడు నాలుగు సూదులు వేసుకోవాలి. మొదలుపెట్టిన కొన్ని వారాలకు మిగిలి ఉన్న బీటా కణాలు కాస్త తేరుకుని ఇన్సులిన్ అవసరం బాగా తగ్గవచ్చు. ఈ ఊరట దశ కొన్ని నెలలుంటుంది. సరిగ్గా ఈ సమయంలోనే చాలా ఇళ్లలో మొక్కు తీర్చుకోవడం, నాటు మందు ఇవ్వడం జరుగుతాయి. షుగర్ తగ్గింది కదా, జబ్బు పోయిందని సూది ఆపేస్తారు. ఆపితే మళ్లీ ప్రాణం మీదికి వస్తుంది. ఊరట దశ గురించి మొదటి రోజే ఇంట్లో అందరికీ, నాయనమ్మతో సహా, చెప్పి ఉంచాలి.

ఈడు వచ్చే వయసులో పెరుగుదల హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. పిల్ల నియమం తప్పకపోయినా పొద్దున లేచేసరికి షుగర్ పెరిగి ఉంటుంది. 'దొంగచాటుగా ఏం తిన్నవ్?' అన్న ప్రశ్న అప్పుడు పిల్ల మనసును కోస్తుంది. ఆ ప్రశ్న రెండుసార్లు ఎదురైన పిల్లలు మూడోసారి అంకె దాచడం నేర్చుకుంటారు. అంకెను తీర్పులా చూడకూడదు. మోతాదు ఎంత మార్చాలో చెప్పే సమాచారంగా మాత్రమే చూడాలి.

షుగర్ 70 కన్నా తగ్గితే చెమటలు, వణుకు, కోపం, కళ్లు తిరగడం వస్తాయి. వెంటనే మూడు చెంచాల చక్కెరో, గ్లూకోజు పొడో నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు.

ఎండాకాలంలో ఇన్సులిన్‌ను కాపాడుకోవడం ఈ ప్రాంతంలో ఒక విద్య. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల నడుమ ఉండాలి. తెరిచినది మామూలు గది వేడిలో నాలుగు వారాలు ఆగుతుంది. కానీ రేకుల ఇంట్లో మే నెల వేడి మామూలు గది వేడి కాదు. ఫ్రిజ్ లేనివాళ్లు పెద్ద కుండలో ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించి, రెంటి నడుమ సందును కూడా ఇసుకతో నింపుతారు. పొద్దున, సాయంత్రం ఆ ఇసుకను తడుపుతారు. ఇన్సులిన్ సీసాను మూతగల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ముంతలోకి దించి, పైన తడిగుడ్డ కప్పి నీడపట్టున ఉంచుతారు. నీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. మంచినీళ్ల కుండ పనిచేసే సూత్రమే ఇది. ఫ్రిజ్ ఉన్నవాళ్లు మాత్రం సీసాను గడ్డకట్టే అరకు ఆనించకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

కీళ్లవాత జ్వరం, గుండె కవాటాలు

ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే గొంతునొప్పిని సరిగా తగ్గించకపోతే, రెండు మూడు వారాల తర్వాత కీళ్లవాత జ్వరం రావచ్చు. ఇవాళ మోకాలు వాస్తే, రేపు అది తగ్గి చీలమండ వాస్తుంది. కీళ్లను దాటుకుంటూ పోయే ఈ నొప్పి కొన్నాళ్లకు తగ్గిపోతుంది, కానీ గుండె కవాటాలకు మచ్చ మిగులుతుంది. మెట్లెక్కితే ఆయాసం, పరుగెత్తితే దడ మొదలైనప్పుడే ఇంట్లోవాళ్లకు అసలు సంగతి తెలుస్తుంది.

నివారణ చవకైనదే. బెంజాథిన్ పెన్సిలిన్ సూదిని ఇరవై ఒక్క రోజులకోసారి, ఏళ్ల తరబడి వేయించుకోవాలి. కవాటం దెబ్బతిన్నవారికి పాతికేళ్ల వయసు దాకా, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఈ సూది అవసరమవుతుంది. ఒంట్లో ఏ బాధా లేని పిల్లవాణ్ణి మూడు వారాలకోసారి నొప్పి సూదికి తీసుకుపోవడం కష్టమే. అయినా కవాటం మార్పిడి దాకా పోకుండా కాపాడేది ఈ సూదే.

సికిల్ సెల్ రక్తహీనత

ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల గోండు, కొలాం, పర్ధాన్ గూడేలలో కనిపించే వంశపారంపర్య జబ్బు ఇది. హిమోగ్లోబిన్ నిర్మాణంలో ఒకేఒక్క అమైనో ఆమ్లం మారడం వల్ల, గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలిలా వంగుతుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. దాంతో ఎముకల్లో, వీపులో, కడుపులో భరించరాని నొప్పి వస్తుంది. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతికితే, ఈ కణం పది ఇరవై రోజులకే చితికిపోతుంది. అందుకే రక్తహీనత, పచ్చబారిన కళ్లు. ఆ కళ్లను చూసి కామెర్లు అనుకుని పసరు మందు పోయించడం వల్ల విలువైన కాలం పోతుంది.

చలి, నీళ్లు తక్కువ తాగడం, జ్వరం, అతి శ్రమ నొప్పిని రేపుతాయి. తెలంగాణలో చలి తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో ఆదిలాబాద్ ఒకటి కావడంతో శీతకాలం ఈ పిల్లలకు కఠిన పరీక్ష. హైడ్రాక్సీయూరియా మాత్రలు నొప్పి దాడులను బాగా తగ్గిస్తాయి. నిండా నీళ్లు తాగడం, వెచ్చగా ఉండటం, టీకాలు, అవసరమైతే రక్తం ఎక్కించడం చికిత్సలో భాగాలు. మన దేశంలో ఈ జబ్బును 1952లో నీలగిరి గిరిజనుల్లో మొదటిసారి గుర్తించారు. 2047 నాటికి దీన్ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయడం అందులో ప్రధానాంశం. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. కాబట్టి పెళ్లికి ముందే ఎవరు వాహకులో తెలిసి ఉండటం అవసరం.

మూర్ఛ, క్యాన్సర్లు

కొన్ని రకాల మూర్ఛ సరిగ్గా కౌమారంలోనే బయటపడుతుంది. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి పళ్లుతోముకునే బ్రష్షో, చాయ్ గ్లాసో జారిపోవడం ఒక రకానికి తొలి గుర్తు. ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళాలు, ఇనుప ముక్కలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తని బట్ట పెట్టి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. మందులు క్రమం తప్పకుండా వాడితే ప్రతి పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు.

క్యాన్సర్లు అరుదు. అయినా తగ్గని జ్వరం, ఒంటిమీద నీలి మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం కనబడితే రక్తపరీక్ష ఆలస్యం చేయకూడదు. ఎముక క్యాన్సర్ ఈ వయసులో ఎక్కువగా మోకాలి దగ్గర వస్తుంది. ఆటలో తగిలిన దెబ్బ అనుకుని మాలిష్ చేయించడం, కట్లు కట్టించడం ప్రమాదకరం. రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, రోజురోజుకూ పెరిగే వాపు ఉంటే ముందు ఎక్స్‌రే తీయించాలి.

జబ్బు బాధ్యత చేతులు మారడం

నిలదొక్కుకోవడానికి కీలకం జబ్బు బాధ్యతను పెద్దల చేతుల్లోంచి పిల్లల చేతుల్లోకి మెల్లగా మార్చడం. ఈ మార్పిడికి తొందర పనికిరాదు, ఆలస్యమూ పనికిరాదు. ఇన్సులిన్ ఉదాహరణే తీసుకుంటే, మొదట అమ్మ సూది వేస్తుంది, పిల్ల చూస్తుంది. తర్వాత పిల్ల సిరంజిలో మందు ఎక్కిస్తుంది, అమ్మ గీత సరిచూస్తుంది. ఆపైన పిల్లే పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో మడిచి పట్టుకుని సూది దించుతుంది, అమ్మ పక్కన కూర్చుంటుంది. చివరికి అమ్మ వంటింట్లోంచి 'వేసుకున్నవా బిడ్డా?' అని అడిగితే చాలు. ఈ మెట్లకు కొందరికి ఆరు నెలలు, కొందరికి మూడేళ్లు పడుతుంది. అన్నీ వచ్చాయనుకున్న తర్వాత కూడా పరీక్షల వేళ, జ్వరం వచ్చిన వేళ పెద్దలు మళ్లీ పక్కన కూర్చోవాలి.

మాత్రలకూ, పెన్సిలిన్ సూది తేదీలకూ, సికిల్ సెల్ పిల్లల నీళ్ల సీసాకూ ఇదే పద్ధతి. గోడ క్యాలెండర్‌లో సూది తేదీ చుట్టూ పిల్లవాడే ఎర్ర సున్నా చుట్టుకునేలా చేయడం చిన్న పనే. కానీ ఆ రోజు నుంచి జబ్బు అతని లెక్కలోకి వస్తుంది.

ఇల్లు, బతుకుతెరువు

ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. తల్లి బీడీలు చుడుతుంది. సిరిసిల్లలో మగ్గాల మీద ఆధారపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. రోజు కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి పోవడం అంటే బస్సు చార్జీతో పాటు ఆ రోజు బియ్యం, ఉప్పు కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే చికిత్స ఉచితమైనంత మాత్రాన ఖర్చు లేదని అనుకోలేం. వీడియో కాల్‌లో దుబాయ్ నుంచి 'మంచిగున్నవా?' అని అడిగే బాపుకు రిపోర్టులోని అంకెలు చదివి వినిపించే పని పిల్లలకే అప్పగిస్తే, దూరం కొంత తగ్గుతుంది, జబ్బు మీద పిల్లల పట్టు కొంత పెరుగుతుంది. ఒకరికి జబ్బు చేస్తే ఇంట్లో మిగతా పిల్లలు వెనక్కి నెట్టబడతారన్నది కూడా మరువరాదు. చెల్లికో తమ్ముడికో చిన్న బాధ్యత ఇస్తే వాళ్లూ ఈ ప్రయాణంలో భాగమవుతారు.

బడి, గురుకులం, పరీక్షలు

జబ్బు పడిన పిల్లలకు మామూలు జీవితం అంటే బడి. అందుకే వీలైనంత త్వరగా, మొదట సగం పూటైనా, బడికి పంపడం మంచిది. తరగతి ఉపాధ్యాయుడి దగ్గర ఒక కాగితం ఉండాలి. అందులో జబ్బు పేరు, అత్యవసర గుర్తులు, ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్న నాలుగు ముక్కలు చాలు. మధుమేహం ఉన్నవారిని క్లాసులో తిననివ్వాలి, సికిల్ సెల్ ఉన్నవారిని ఎప్పుడంటే అప్పుడు నీళ్లు తాగనివ్వాలి, మూత్రానికి పోనివ్వాలి. ఆటల పీరియడ్ నుంచి పూర్తిగా పక్కన కూర్చోబెట్టడం కన్నా వైద్యుణ్ణి అడిగి చేయగలిగింది చేయించడం మేలు.

గురుకులాల్లో ఉండే పిల్లలకు అమ్మ పక్కన ఉండదు. అక్కడ మందు వేళలు నర్సుకు, వార్డెన్‌కు తెలిసి ఉండాలి. ఇన్సులిన్ పెట్టడానికి ఫ్రిజ్ ఉండాలి. పక్క మంచం స్నేహితురాలికి చక్కెర తగ్గిన గుర్తులు చెప్పి ఉండాలి. రాత్రి రెండు గంటలకు మొదట మేల్కొనేది ఆ స్నేహితురాలే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సికిల్ సెల్, తలసేమియా, హిమోఫీలియా అందులో ఉన్నాయి. టైప్ 1 మధుమేహం ఆ జాబితాలో లేదు. అయితే సీబీఎస్ఈ 2017 నుంచి ఈ జబ్బు ఉన్న విద్యార్థులను పరీక్ష గదిలోకి చక్కెర బిళ్లలు, పండు వంటివి తెచ్చుకోనిస్తోంది. నిర్ణీత వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి.

మనసు, దాపరికం, పెళ్లి మాట

మొదట నమ్మలేకపోవడం, తర్వాత కోపం, ఆపైన 'నాకే ఎందుకు?' అన్న దుఃఖం సహజం. రెండు వారాలకు మించి నిద్ర, తిండి, మాట తగ్గిపోతే, చావు మాటలు వస్తే ఆలస్యం చేయకూడదు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే సలహాదారులు దొరుకుతారు.

ఆడపిల్లల విషయంలో ఇంకో బరువుంది. 'ఎవరికీ చెప్పకు, రేపు సంబంధాలు రావు' అన్న మాట జబ్బు కన్నా ముందు వాళ్ల చెవిన పడుతుంది. దాచిన జబ్బుకు మందు కూడా దాక్కుని వేసుకోవాలి. దాక్కుని వేసుకునే మందు ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. మధుమేహం, మూర్ఛ, కవాటాల జబ్బు ఉన్న స్త్రీలు వైద్య పర్యవేక్షణలో పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, ఉద్యోగాలు చేస్తున్నారు. ఈ సంగతి పదమూడేళ్ల పిల్లకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

అందుబాటులో ఉన్న సేవలు

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లి పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను పరీక్షిస్తాయి. కౌమార దశకు ప్రత్యేకంగా 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. 108 అంబులెన్స్ సేవ 2005 నుంచి ఉంది. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచింది.

వేములవాడలో ఏరియా ఆసుపత్రి ఉంది. ఒకప్పుడు పెద్ద జబ్బంటే సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కే పోవాల్సి వచ్చేది. ఆదిలాబాద్ రిమ్స్ తర్వాత 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలలో, 2023లో రాజన్న సిరిసిల్ల, కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు రావడంతో నిపుణులు కొంత దగ్గరయ్యారు. పిల్లల ప్రత్యేక చికిత్సకు నిలోఫర్, క్యాన్సర్‌కు ఎంఎన్‌జే, గుండె శస్త్రచికిత్సకు నిమ్స్ వంటి సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి.

చరిత్రలో

ఈ చికిత్సల చరిత్ర మొదటి పుటల్లోనే కౌమార వయసు పిల్లలున్నారు. 1922 జనవరిలో టొరంటోలో ఇన్సులిన్ సూది మొదట వేసింది లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ల బాలుడికి. జనవరి 11న వేసిన మొదటి మందు శుద్ధంగా లేక పెద్దగా పనిచేయలేదు. రసాయన శాస్త్రవేత్త జేమ్స్ కాలిప్ శుద్ధిచేసిన మందును 23న మొదలుపెట్టాక అతను కోలుకున్నాడు, మరో పదమూడేళ్లు బతికాడు. అదే ఏడాది ఆగస్టులో చికిత్స మొదలైన ఎలిజబెత్ హ్యూస్ అనే బాలిక డెబ్బై ఏళ్లు దాటి జీవించింది.

రక్త క్యాన్సర్ చికిత్సలో తెలుగువారి పేరు ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధి పొట్టనబెట్టుకుంది. యువకుడిగా తానూ ఆ జబ్బు పడి ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. తర్వాత అమెరికాలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. ఈ రెండో మందును వాడి 1948లో అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లల్లో పదిమందికి తాత్కాలికంగానైనా ఉపశమనం తెచ్చాడు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఉంది. పాత కరీంనగర్ జిల్లాను పీడించిన బోదకాలుకు ఊరూరా మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం కృషే.

జబ్బు కాకపోయినా, గండం గడిచి నిలదొక్కుకోవడానికి మరో ఉదాహరణ నర్తకి సుధా చంద్రన్. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలికి కుళ్లు సోకి కుడికాలు పోగొట్టుకున్నప్పుడు ఆమె టీనేజీలో ఉంది. జైపూర్ కృత్రిమ కాలు పెట్టుకుని సాధన చేసి 1984లో తిరిగి వేదిక ఎక్కింది. ఆమె కథతో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన 'మయూరి' తెలుగు సినిమాలో ఆమే నటించి జాతీయ ప్రత్యేక జ్యూరీ పురస్కారం పొందింది.

కోలుకోవడం అంటే

ఈ జబ్బుల్లో చాలావాటికి 'పూర్తిగా పోయింది' అనే రోజు రాదు. అందుకే కోలుకున్నారా లేదా అన్నదానికి కొలమానం వేరు. పిల్ల తన జబ్బు పేరు తడబడకుండా చెప్పగలగాలి, మందు మోతాదు తనకు తెలియాలి, ప్రమాద సంకేతాలు గుర్తుపట్టాలి, సాయం అడగడానికి సిగ్గుపడకూడదు, రేపటి గురించి ఆలోచించాలి. ఈ ఐదూ ఉన్న పిల్ల, రోజుకు నాలుగు సూదులు వేసుకుంటున్నా, కోలుకున్నట్టే. అలాంటి పిల్ల రాజన్న గుడిలో గండదీపంలో నూనె పోసి, బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి గ్లూకోమీటర్ తీసి తన వేలిని తానే గుచ్చుకుంటుంది. పక్కనున్న తల్లి అంకె అడగకముందే తనే చదివి చెబుతుంది.